నిచ్చెన పట్టుకోని కోడలు

ఆదివారం పొద్దున్న కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని రామ్‌ప్రసాద్ ఫోన్లో నిచ్చెనలు చూస్తున్నాడు. హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి. ఏ వస్తువు కొనాలన్నా అది కొన్నవాళ్లు ఏం రాశారో చదువుతాడు, చదివాక అనుమానం వచ్చి మళ్లీ మొదటినుంచి చదువుతాడు. తల్లి చెయ్యి విరిగి కట్టు వేసినప్పుడు మొదలైంది ఈ చదువు. కట్టు విప్పేశారు గాని నిచ్చెన ఇంకా ఇంటికి రాలేదు.

"ఇది చూడు త్రిపురా. నాలుగు కాళ్లకీ రబ్బరు తొడుగులున్నాయి. బరువు కూడా ఉండదు," అన్నాడు.

త్రిపుర అరటికాయలకి చెక్కు తీస్తోంది. తల ఎత్తకుండానే, "బరువు లేనిది ఊగదా?" అంది.

"ఊగదనే రాసేరు అందరూ."

"వాళ్లందరూ అత్తయ్యగారి వయసువాళ్లేనా? నిచ్చెన బొమ్మ చూసి కొనేది కాదండీ. ఎక్కి చూడాలి. అమలాపురం వెళ్దాం."

"విద్య కూడా వస్తానంది. కొత్తపేటలో బయల్దేరిందట," అన్నాడతను, కాస్త గొంతు తగ్గించి.

త్రిపుర చేతిలో చాకు ఆగింది. ఆ గొంతు తగ్గించడం చూస్తే ఆమెకి ఒళ్లు మండింది. చెల్లెలు వస్తోందన్న మాట చెప్పడానికి భార్య దగ్గర గొంతు తగ్గించే మనిషి, ఆ చెల్లెలు భార్యని నానా మాటలూ అన్నప్పుడు ఒక్కసారైనా గొంతు పెంచలేదు.

జరిగింది చిన్న సంగతే. చిన్నదే గనక సులువుగా ఊరంతా పాకింది.

త్రిపుర మామగారు శరభయ్యగారిది వేదం చెప్పుకున్న వంశం. చుట్టుపక్కల అగ్రహారాల్లో ఎవరికి ధర్మసందేహం వచ్చినా ఆయన అరుగు మీదికి వచ్చి అడిగి తెలుసుకుని పోతారు. ఆయన భార్య అచ్చయమ్మది మడి వంట. ఏడాదికి సరిపడా పెట్టిన ఊరగాయ జాడీలు మరొకరి చెయ్యి తగలకుండా వంటింటి అటక మీద ఉంటాయి. జాడీ దించాలంటే ఆవిడే మడి కట్టుకుని నిచ్చెన ఎక్కాలి. ఆవిడ ఎక్కి ఉండగా మడిలో లేనివాళ్లు నిచ్చెన ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఆ మైల నిచ్చెన మీదుగా పాకి ఆవిడని అంటుకుంటుందని ఆవిడ నియమం. ఆవిడ అత్తగారి నుంచి వచ్చిన నియమం.

ఆ రోజు ముసురు పట్టి మడి బట్ట ఆరలేదు. తడిబట్టతోనే మాగాయ జాడీ కోసం పాత వెదురు నిచ్చెన ఎక్కింది. నాపరాళ్ల మీద నీళ్లు కారడం చూసి త్రిపుర చీపురు పారేసి పరుగెత్తుకొచ్చి నిచ్చెన పట్టుకోబోయింది.

"ముట్టుకోకు, మడి," అంది అచ్చయమ్మ పైనుంచి, గట్టిగా.

త్రిపుర చేతులు వెనక్కి లాక్కుంది. నిచ్చెన కాలు జారింది.

ఆస్పత్రికి వస్తూనే ఆడపడుచు శ్రీవిద్య అన్న మొదటి మాట, "పక్కనే ఉన్నావటగా వదినా, కాస్త పట్టుకుంటే నీ సొమ్మేం పోయేది?" అని. త్రిపుర అత్తగారి వంక చూసింది. అత్తగారు గోడ వంక చూసింది. ఆ తరవాత పని శ్రీవిద్య ఫోను చూసుకుంది. చూడ్డానికి వచ్చినవాళ్లకీ, రానివాళ్లకీ, ఎక్కడో రాజోలులో ఉన్న పినతల్లి వియ్యపురాలికీ కూడా సంగతి తెలిసిపోయింది. మొన్న ఒక ఉపనయనంలో త్రిపుర వడ్డన చేస్తుంటే, "నిచ్చెన పట్టుకోని కోడలంటే ఈవిడేనా?" అని ఎవరో అడగడం, ఇంకెవరో నవ్వడం ఆమె చెవిన పడింది. ఆ పంక్తిలో ఆమె నెయ్యి గిన్నె కింద పెట్టేసి వచ్చేసింది.

ఆస్పత్రి బయటే ఆమె భర్తతో అంతా చెప్పింది. "అమ్మ నొప్పితో ఉంది, ఇప్పుడొద్దు త్రిపురా," అన్నాడు. ఆ 'ఇప్పుడు' ఇంకా గడవలేదు. మర్యాదస్తుల ఇళ్లలో ఎవరూ అబద్ధాలాడరు. నోరు మూసుకుని కూర్చుంటారు, అబద్ధం తన పని తాను చేసుకుపోతుంది.

* * *

గడియారస్తంభం దగ్గరి సామాన్ల కొట్లో సత్యదుర్గారావు కుర్చీలు వేయించాడు. త్రిపుర కూర్చోలేదు. అటక ఎత్తు కొలిచి ముడివేసిన పురికొస సంచిలోంచి తీసింది.

"ఈ ముడి అటక అంచండీ. మనిషి నిలబడితే అంచు గుండెల దగ్గరికి రావాలి. అందలేదని చిట్టచివరి మెట్టెక్కి మునివేళ్ల మీద నిలబడే పని ఉండకూడదు."

"ఆయ్, అలాగేనండి," అంటూ అతను మొదట గోడకి ఆనించే అల్యూమినియం నిచ్చెన చూపించాడు.

"వద్దండి. మా నేల నాపరాళ్లు, తడి ఉంటుంది. ఆనించేది మళ్లీ జారుతుంది."

రామ్‌ప్రసాద్‌కి గొట్టంలో గొట్టం దూరి చిన్నదైపోయే నిచ్చెన నచ్చింది. "తలుపు వెనకాల పడుంటుంది. చోటు కలిసొస్తుంది," అన్నాడు.

"ఇన్ని లాకుల్లో ఏది పడిందో ఏది పడలేదో అత్తయ్యగారి కళ్లకి కనిపిస్తుందా? చోటు కలిసొస్తుందని చూస్తే మనిషి దక్కొద్దా?" అంది త్రిపుర.

కాళ్లు ముందుకీ వెనక్కీ విడిపోయి నిలబడే మడత నిచ్చెనలు రెండు తెప్పించాడు దుర్గారావు. మొదటిదానికి మెట్లు సన్నటి గొట్టాలు. త్రిపుర చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు దోపుకుని కొట్టు నడుమ నిచ్చెన ఎక్కింది. సగం దాకా వెళ్లి అటూ ఇటూ వంగింది. నిచ్చెన కిర్రుమంది, ఒక కాలు నేల విడిచింది. దిగిపోయింది. రెండోదానికి మెట్లు అరచెయ్యి కన్నా వెడల్పు, గీతలు పడి గరుకుగా ఉన్నాయి. ముందు కాళ్లనీ వెనక కాళ్లనీ కలుపుతూ రెండు పక్కలా ఇనప పట్టీలు, పూర్తిగా తెరిస్తే టక్కుమని బిగుసుకున్నాయి. పైన నిలబడటానికి పళ్లెమంత చోటు, దాని చుట్టూ నడుం ఎత్తున పట్టుకోవడానికి కమ్మీ. కాళ్లకింద రబ్బరు మందంగా ఉంది. వేలితో నొక్కి చూసి, మళ్లీ ఎక్కింది.

కొట్లో ఉన్నవాళ్లు చూస్తున్నారని తెలుసు. చూడనీ అనుకుంది. పైకి వెళ్లి కావాలని ఒక పక్కకి ఒరిగింది. నిచ్చెన కదల్లేదు.

"ఎవరెక్కుతారండీ ఇంట్లో?" అడిగాడు దుర్గారావు.

"మా అమ్మండి," అన్నాడు రామ్‌ప్రసాద్.

"పెద్దవారా. అలాగైతే ఎంత గట్టి నిచ్చెనైనా కింద ఒకరు పట్టుకోవడం మంచిదండి."

శ్రీవిద్య అంతదాకా కుర్చీలో కూర్చుని చూస్తోంది. "ఎవరూ పట్టుకోకపోయినా పడిపోనిది ఇవ్వండి దుర్గారావుగారూ," అంది. "మా ఇంట్లో పట్టుకునేవాళ్లు లేరు. అందుకే మా అమ్మ చెయ్యి విరిగింది."

దుర్గారావు పట్టీ మీద లేని దుమ్ము తుడిచాడు. మేకులు కొంటున్న ఇద్దరు తలెత్తి నిచ్చెన మీదున్న త్రిపురని చూశారు. పైనుంచి ఆమెకి అందరూ కనిపిస్తున్నారు. భర్త నడినెత్తి కూడా కనిపించింది. అతను తల వంచుకుని ఫోన్లో చూస్తున్నాడు. కొనే నిచ్చెన ఎదురుగా ఉండగా ఇంకా ఫోన్లో ఏం చూస్తాడో ఆ దేవుడికే తెలియాలి.

త్రిపుర ఒక్కొక్క మెట్టే దిగింది. "ఇదే కట్టించండి," అని చెప్పులు తొడుక్కుని వెళ్లి ఆటోలో కూర్చుంది.

నిచ్చెన ఆటో మీద కట్టారు. అంబాజీపేట దాటాక శ్రీవిద్య, "అన్నయ్యా, నేను నిర్ణయించుకున్నాను. అమ్మని ఇవాళ నాతో తీసుకెళ్లిపోతాను. నా ఇంట్లో అటకా లేదు, నిచ్చెనా అక్కర్లేదు. చూసుకునేవాళ్ల దగ్గరుంటుంది," అంది.

"తొందరెందుకే. ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం," అన్నాడు రామ్‌ప్రసాద్.

త్రిపుర కాలవ వైపు చూస్తూ కూర్చుంది. అత్తగారు ఇవాళ కొత్తపేట వెళ్లిందంటే ఇక ఆ పేరు చచ్చేదాకా పోదు. కోడలు పడేసింది, కూతురు తీసుకెళ్లింది అంటారు. రేపు హాస్టల్లో చదువుకుంటున్న తన కూతురికి సంబంధం చూసినా, ఆ ఇంటివాళ్ల చెవిలో ముందు పడేది ఈ మాటే. ఇంతకాలం పెద్దవాళ్లే చెబుతారని కాచుకుని కూర్చున్నందుకు ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

* * *

ఆటోవాడు నిచ్చెన దించి వెళ్లాక రామ్‌ప్రసాద్ దాన్ని వంటింట్లో అటక కింద నిలబెట్టి వచ్చాడు. అచ్చయమ్మ హాల్లోంచే దాన్ని చూసి ముచ్చటపడబోయింది. కూతురి మొహం చూసి ఆగిపోయింది.

"అమ్మా, బట్టలు సర్దుకో. మనం వెళ్తున్నాం," అంది శ్రీవిద్య.

"ఎక్కడికే?"

"నా ఇంటికి. ఇక్కడుంటే ఈసారి నడుం విరుగుతుంది."

త్రిపుర గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది. "ఒక్క నిమిషం విద్యా. అత్తయ్యగారు ఎక్కడికెళ్లినా నేనాపను. వెళ్లేముందు ఒక్క మాట చెప్పి వెళ్లాలి. అత్తయ్యగారూ, ఆ రోజు నేను నిచ్చెన పట్టుకోబోతే మీరేమన్నారు?"

అచ్చయమ్మ విరిగి అతుక్కున్న చెయ్యిని రెండో చేత్తో నిమురుకుంటూ నిలబడింది.

"సరే. మీరు చెప్పండి," అని భర్త వైపు తిరిగింది త్రిపుర. "ఆస్పత్రి బయట నేను మీకేం చెప్పేను?"

"త్రిపురా, విద్య ముందు ఇవన్నీ..."

"విద్య ముందే కావాలి. నాకు పేరు పెట్టింది విద్య. కొట్లో మేకులు కొనుక్కునేవాళ్ల ముందు నన్నన్నప్పుడు మీరు ఫోను చూసుకుంటున్నారు. ఇప్పుడు ఫోను లోపల పెట్టి చెప్పండి."

రామ్‌ప్రసాద్ ఫోను జేబులో పెట్టాడు. "త్రిపుర పట్టుకోబోయిందట. అమ్మే ముట్టుకోవద్దందట, మడి అని," అన్నాడు.

శ్రీవిద్య అన్న వంకా వదిన వంకా మార్చి మార్చి చూసింది. "ఇది నీకు అప్పటినుంచీ తెలుసా అన్నయ్యా? తెలిసీ నాకు చెప్పలేదా?" అంది. అంతలోనే మొహం గట్టిపడింది. "చెప్పలేదంటే నువ్వే నమ్మలేదన్నమాట. అమ్మ మడికోసం ప్రాణం మీదికి తెచ్చుకునేంత తెలివితక్కువది కాదు. వదిన తన తప్పు అమ్మ మడి మీదికి తోసేసింది, అంతే."

"అంది."

ఆ మాట అరుగు మీదినుంచి వచ్చింది. శరభయ్యగారు లేచి లోపలికి వచ్చారు. "మీ అమ్మ ఆ మాట అంది. ముట్టుకోకు, మడి అని. అరుగు మీద కూర్చున్నాను, నేను విన్నాను."

ఇది త్రిపురకీ తెలియదు. ఆ రోజు ఇంట్లో తామిద్దరే అనుకుంది. సాక్ష్యం లేదు గనకే తన నోరు పెగల్లేదు. సాక్ష్యం రోజూ తన చేతి కాఫీ తాగుతూ అరుగు మీదే కూర్చుంది.

"మీరు విన్నారా మావయ్యగారూ?"

"విన్నానమ్మా."

"విని ఇన్నాళ్లూ ఊరుకున్నారా?"

"వంటింటి మడి సంగతులు మీ అత్తయ్యవి. వాటిలో నేనెప్పుడూ కలగజేసుకోలేదు."

"నా పరువు కూడా వంటింటి సంగతేనా?" త్రిపుర గొంతు పైకి లేచింది. ఆ ఇంట్లో అంత గట్టిగా మాట్లాడటం ఆమెకి అదే మొదటిసారి. "ఊళ్లోవాళ్లందరూ న్యాయం అడగడానికి మీ అరుగెక్కుతారు. వాళ్లకే నేను మంచినీళ్లు తెచ్చి ఇస్తుంటే, ఈవిడే ఆ కోడలని వాళ్లు గుసగుసలాడుకున్నారు. మీరు విన్నారు. అదీ విన్నారు, ఇదీ విన్నారు. సరే, ఇప్పుడు నేనూ అరుగెక్కి అడుగుతున్నాననుకోండి. మడిలో ఉన్న మనిషి ఎక్కిన నిచ్చెన నేను పట్టుకుంటే మడి పోతుందా?"

శరభయ్యగారు కాసేపు నేల చూశారు. "పోదు," అన్నారు. "ఇద్దరూ నిలబడేది ఒక్క నేల మీదే. నేల మీదుగా పాకని మైల నిచ్చెన మీదుగా పాకదు. కిందటేడు పక్కింటి మాణిక్యం ఇదే అడిగితే ఈ మాటే చెప్పేను."

ఈసారి అచ్చయమ్మ తలెత్తింది. "మాణిక్యానికి చెప్పేరా?"

"అడిగింది, చెప్పేను."

"ఈ ఇంటికొచ్చిన నాటినుంచీ ఒక్కదాన్నే ఎక్కి దిగుతున్నాను. కడుపుతో ఉండి ఎక్కేను. జ్వరంతో ఎక్కేను. మీ అమ్మగారు పట్టుకోనిచ్చేవారు కాదు, నేను ఎవర్నీ పట్టుకోనివ్వలేదు. మీరు చూస్తూనే ఉన్నారు. పక్కింటావిడకి చెప్పిన మాట నాకు చెప్పడానికి ఏమొచ్చింది?"

"నువ్వు అడగలేదు అచ్చయమ్మా."

"అడిగితేనే చెప్పడానికి నేను పరాయిదాన్నా?"

నలుగురికి చెప్పి చెప్పి అలవాటైన ఆయన నోరు ఇంట్లో మూతపడి ఉండటానికి కూడా అలవాటు పడిపోయింది.

శ్రీవిద్య తల్లి దగ్గరికి వచ్చింది. ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "వాళ్ల సంగతి తరవాత. నువ్వు ఎందుకు చెప్పలేదమ్మా? నేను అందరికీ ఫోన్లు చేస్తుంటే నీ మంచం మీదే కూర్చుని చేసేను కదా. నీ ఎదురుగా వదినని తిట్టేను. వద్దనలేదే. తప్పు నీది, నోరు నాది. ఊళ్లో నన్నేం చేసేవో తెలుస్తోందా?"

అచ్చయమ్మ అక్కడే పీట మీద కూలబడింది. "మొదటి రోజు చెబుదామనే అనుకున్నానే. నా మూలంగానే పడ్డానంటే అన్నయ్య రేపటినుంచి వంటింట్లోకి రావద్దంటాడని భయం వేసింది. వంటిల్లు కూడా లేకపోతే ఈ ఇంట్లో నేనెవరిని? నువ్వేమో వస్తూనే వదిన మీద పడ్డావు. ఒక్కరోజు ఊరుకుందాం అనుకున్నాను. మర్నాడు చెబితే నిన్న ఎందుకు చెప్పలేదంటారు. ఆ మర్నాడు ఇంకా కష్టం. వల్లమాలిన సిగ్గేసింది. అంతే, ఇంకేం లేదు," అని ఏడ్చింది.

ఆ ఏడుపు చూసినా త్రిపురకి జాలి కలగలేదు. కలగనందుకు సిగ్గు కూడా వెయ్యలేదు.

"విద్యా, నీ మీద నాకు కోపం లేదు," అంది. "నీకు తెలియదు, అన్నావు. తెలిసినవాళ్లు ముగ్గురు. ముగ్గురూ మంచివాళ్లే. ఒకరు సిగ్గుపడ్డారు, ఒకరు కలగజేసుకోలేదు, ఒకరు ఇప్పుడొద్దన్నారు. మీ ముగ్గురి మంచితనానికీ కలిపి నా పేరు ఖర్చయింది."

"పొరపాటైపోయింది త్రిపురా," అన్నాడు రామ్‌ప్రసాద్ మెల్లగా.

"నాలుగు గోడల మధ్య పొరపాటంటే నాకక్కర్లేదండీ. మాట బయట తిరుగుతోంది. అక్కడ చెప్పండి. చెప్పనంతవరకు ఈ ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడొద్దు." అని వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

సగం చెక్కు తీసిన అరటికాయలు నల్లబడి ఉన్నాయి. వాటిని నీళ్లలో వేసింది. పొయ్యి వెలిగించి, ఎందుకు వెలిగించిందో మరిచిపోయి ఆర్పేసింది. అనాలనుకున్నవన్నీ అనేశాక కోపం తగ్గుతుందంటారు గాని ఆమెకి తగ్గలేదు. ఇంకా అనవలసినవి గుర్తొస్తున్నాయి.

అప్పుడు హాల్లోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"మాణిక్యం, నేనూ, అచ్చయమ్మని. ఒక్క సంగతి చెప్పడానికి చేసేను. ఆ రోజు మా త్రిపుర నిచ్చెన పట్టుకోబోయింది. నేనే ముట్టుకోవద్దన్నాను... ఆ, మడి అని... లేదు, ఎవరూ చెప్పమనలేదు. మొన్న ఉపనయనంలో నువ్వు ఎవరెవరితో నవ్వేవో వాళ్లందరికీ ఇది కూడా చెప్పు."

ఆ ఫోను పెట్టేశాక, "రాజోలు నెంబరు ఇదేనా?" అంటున్నారు శరభయ్యగారు. ఆవిడ వేళ్లు ఇంకా సరిగ్గా వంగవు. ఆయనే కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్క నెంబరూ వెతికి, నొక్కి, ఫోను భార్య చేతికి ఇస్తున్నట్టుంది.

"వదినగారూ, నమస్కారమండీ... ఆయ్, చెయ్యి బానే ఉందండి. దాని గురించే. మా కోడలి తప్పేం లేదండి. పట్టుకుంటానంది, నేను పట్టుకోనివ్వలేదు... అవునండి, ఇన్నాళ్లూ చెప్పలేదు. చెప్పకపోవడం నాదే తప్పు. ఇదిగో, వారు కూడా మాట్లాడతారట."

"నమస్కారమండీ, శరభయ్యని. ఆ మాట నేను కూడా విన్నానండి. విని ఊరుకున్నాను," అన్నారు ఆయన, వేదం చెప్పే గొంతుతోనే, స్పష్టంగా.

త్రిపుర కూర్చోడానికి చుట్టూ చూసి, అటక కింద నిలబెట్టిన కొత్త నిచ్చెన కిందిమెట్టు మీద కూర్చుంది. మెట్టు వెడల్పుగా ఉంది, మనిషికి సరిపోయింది. ఆస్పత్రిలో ఏడవలేదు, ఉపనయనంలో ఏడవలేదు, ఇందాక అందరిమీదా అరిచినప్పుడూ ఏడవలేదు. ఇప్పుడు పైటచెంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

తలుపు తోసుకుని శ్రీవిద్య వచ్చింది. "వదినా" అంది. దగ్గరికి వచ్చి, రెండు చేతులతో నిచ్చెనని రెండు పక్కలా గట్టిగా పట్టుకుని నిలబడింది.

కిందిమెట్టు మీద కూర్చున్న మనిషి కోసం నిచ్చెన పట్టుకోవలసిన అవసరం ఏమీ లేదు.

"వదిలెయ్, పడను," అంది త్రిపుర ముక్కు చీదుకుంటూ, ఇంకా కోపంగానే.

శ్రీవిద్య వదల్లేదు.